బల్లగుడ్డ మీద పసుపు

జ్ఞానసుందరమ్మ పెరట్లో కుంకుడుకాయలు ఉడుకుతున్నాయంటే ఆ వీధిలో వాళ్ళకు వేరే కబురు పెట్టక్కర్లేదు. వాసనే వెళ్ళి చెప్పి వస్తుంది. కొంచెం పులుపు, కొంచెం వగరు, తలంటు రోజున కళ్ళలో నురగ పడి ఏడ్చిన వాళ్ళందరికీ గుర్తుండిపోయే వాసన అది. ఖాళీ సీసాలు పట్టుకుని ఒకరి వెనక ఒకరు దడి దగ్గరికి వచ్చేస్తారు.

ఆ నీళ్ళు కాయడం ఆమెకు పంతంగా మొదలైంది. కొట్లో దొరికే సబ్బుపొడితో ఉతికితే చేతులు పగిలి, వేళ్ళ సందుల్లోంచి నెత్తురు వచ్చేది. ఇంత ఖరీదు పెట్టి చేతులు పాడుచేసుకోవడం ఎందుకని ఒకరోజు ఆ పొడి పొట్లాం అలాగే పక్కన పెట్టేసింది. పక్కింటి జగ్గమ్మ శృంగవరపుకోటలో ఉన్న చెల్లెలింటికి వెళ్ళినప్పుడల్లా, అక్కడి సంతలో కొండవాళ్ళు తెచ్చి అమ్మే కుంకుడుకాయలు సంచీడు మోసుకొస్తుంది. ఇద్దరూ అరుగు మీద కూర్చుని రాయితో కొట్టి గింజలు ఏరేస్తారు. తొక్కలు రాత్రి నానేసి, పొద్దున్నే కట్టెల పొయ్యి మీద ఉడికించి, చల్లారాక పిసికి, పాత పంచెలో వడగడతారు. ఆ రసంలో చాకలిసోడా కలిపి, వాసనకు నిమ్మతొక్కలు మరిగించిన నీళ్ళు ఒక చెంబుడు పోస్తే పని అయిపోయినట్టే. బట్టలకూ అదే, గిన్నెలకూ అదే, నీళ్ళు ఎక్కువ కలిపితే ఇల్లు తుడవడానికీ అదే.

మనవరాలు మెర్సీ పదో తరగతి పరీక్షలు రాసేసి ఇంట్లోనే ఉంది. నోట్లో నాలుక లేని పిల్ల అని ఊరంతా అంటుంది. బళ్ళో పేరు పిలిస్తే పలకడానికి కూడా గొంతు పెగిలేది కాదు. కానీ ఆ పిల్ల కళ్ళకు మాత్రం తీరిక ఉండదు. ఉడికిన కుంకుడు రసం మురికి నీళ్ళలా గోధుమరంగులో ఉంటుంది కదా, చెయ్యి పెట్టి నాలుగుసార్లు చిలికితే అంత తెల్లటి నురగ అందులోంచి ఎలా పుట్టుకొస్తుందో ఎన్నిసార్లు చూసినా తనివి తీరేది కాదు.

"సూడే గుంటా, మల్లెపూల బుట్ట బోర్లించినట్టు లేదేటి?" అనేది జగ్గమ్మ, నురగ తీసి మెర్సీ ముక్కుకు రాస్తూ.

"నా నీళ్ళకు లొంగని మరక ఇంకా పుట్టలేదు," అనేది జ్ఞానసుందరమ్మ.

అది ఊరికే కోసిన కోత కాదు. ఊళ్ళో ఉన్న బాప్టిస్టు చర్చిలో ప్రభువు బల్ల మీద పరిచే తెల్లగుడ్డను ఉతికి తెచ్చే సేవ ఎన్నో ఏళ్ళుగా ఆమెదే. ప్రతి నెలా మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం ఆ గుడ్డ మీదే పెడతారు. ఆమె పాటలు పాడలేదు, ప్రార్థన పెద్దగా చెయ్యలేదు, కానుక వెయ్యడానికి చేతిలో ఎప్పుడూ పెద్దగా ఏమీ ఉండదు. దేవుడికి తను చేసిపెట్టేది ఆ ఒక్క గుడ్డే అనుకునేది. ఆదివారం పొద్దున్న అందరికంటే ముందు వెళ్ళి, ఖాళీ గుడిలో ఆ గుడ్డను బల్ల మీద విప్పి, ముడతలు చేత్తో సరిచేసే ఆ కాసేపూ ఆమె ముఖం చూడాలి. మెర్సీ తోడు వెళ్ళేది అందుకే.

ఈమధ్య ఆ సేవకే ఎసరు వచ్చింది. పాత గుడ్డ చిరుగులు పట్టింది. చర్చివాళ్ళు పొందూరులో కొత్తది నేయించారు, సన్న నూలు ఖద్దరు. అంత మంచి గుడ్డను ఇంట్లో కాచిన నీళ్ళతో ఉతికించడమెందుకు, శ్రీకాకుళంలో మంచి లాండ్రీకి ఇద్దామని స్త్రీల సమాజంలో ఎవరో అన్నారు. జ్ఞానసుందరమ్మకు చూపు తగ్గిందనీ, చేతులు వణుకుతున్నాయనీ మరొకరు అన్నారు. సమాజం కార్యదర్శి అరుణశ్రీ టీచరు ఎటూ తేల్చకుండా, ఈసారికి ఆమెనే ఉతకనిద్దాం, ఎలా వస్తుందో చూసి అప్పుడు అనుకుందాం అంది. శనివారం మధ్యాహ్నం తనే వచ్చి చూస్తానని కూడా చెప్పింది.

గురువారం సాయంత్రం మెర్సీ తండ్రి డేవిడ్‌రాజు తన ఆటోలో ఆ గుడ్డను పొందూరు నుంచి తీసుకొచ్చి అరుగు మీద మంచంపై పెట్టి, మళ్ళీ బేరానికి వెళ్ళిపోయాడు. మగ్గం మీంచి దిగిన గుడ్డకు గంజి ఉంటుంది. అది పోయేలా ఒకసారి ఉతికితేనే మెత్తబడి బల్ల అంచుల నుంచి వొంపుగా జారుతుంది. జ్ఞానసుందరమ్మ పెరట్లో కొత్త విడత నీళ్ళు వడగడుతోంది. అరుగు మీద మెర్సీ ఒక్కతే ఉంది, కాగితం విప్పి గుడ్డను వేలి కొసతో తాకి చూస్తూ. అంత పల్చటి దాన్ని మనుషులు చేత్తో వడికి నేశారంటే నమ్మబుద్ధి కాలేదు.

అప్పుడు వచ్చింది జగ్గమ్మ. గుడ్డను చూసి ఆగిపోయింది. ఏదైనా కొత్త బట్ట ఇంటికి వస్తే నాలుగు మూలలా పసుపు పెట్టకుండా ఆ మనిషి ముట్టదు. కొడుకు చొక్కా అయినా అంతే, కోడలి చీర అయినా అంతే, ఆఖరికి మంచం దుప్పటి అయినా అంతే. పెట్టకపోతే కట్టినవాళ్ళకు కీడని ఆమె నమ్మకం.

"ఇదేనేటే మీ దేముడి గుడ్డ?" అని మెల్లగా అడిగింది.

మెర్సీ తలూపింది. జగ్గమ్మ గిరుక్కున వెనక్కి తిరిగి వాళ్ళింటికి వెళ్ళింది. వచ్చేటప్పుడు చేతిలో చిన్న గిన్నె, అందులో తడిపిన పసుపు. గుడ్డ దగ్గర నేల మీద కూర్చుని, ఒక్కొక్క మూలా తీసుకుని, ఉంగరపువేలితో అద్దింది. అద్దేటప్పుడు కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. ఏమని కోరుకుందో మెర్సీకి వినపడలేదు.

మెర్సీకి చెప్పాలని ఉంది. వద్దు అమ్మమ్మా, మా గుళ్ళో పసుపు పెట్టరు, మామ్మ మాట పడాల్సి వస్తుంది అని చెప్పాలి. మాట గొంతు దాకా వచ్చింది. కానీ ఆ మూసిన కళ్ళు, ఆ ముఖంలోని భక్తి చూశాక అడ్డం పడటం తప్పనిపించింది. జగ్గమ్మ వాళ్ళ దేవుడికి అద్దినంత శ్రద్ధగా వీళ్ళ దేవుడికి అద్దింది. ఆమె లేచి వెళ్ళేదాకా మెర్సీ నీళ్ళు నములుతూ నిలబడింది. మామ్మ నీళ్ళకు లొంగని మరక లేదు కదా, ఉతికితే పోతుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

శుక్రవారం పొద్దున్నే జ్ఞానసుందరమ్మ పెద్ద తొట్టెలో కొత్త నీళ్ళు పోసి, చిన్న ప్రార్థన చెప్పుకుని, గుడ్డను మడత విప్పకుండానే అందులో ముంచింది. ఆమె చూపుకు మూలల్లో ఉన్న పసుపు ఆనలేదు. మెర్సీ ఊపిరి బిగబట్టి చూస్తోంది. గుడ్డ మునిగింది. నురగ పైకి లేచింది. ఆ తెల్లటి నురగ కింద, మూలలున్న చోట, ఎర్రగా ఏదో విచ్చుకుంది.

కుంకుమ ఎరుపు కాదు, ఇటుక ఎరుపూ కాదు. తెగిన వేలి మీద నెత్తురు ఆరడానికి ముందు ఎలా ఉంటుందో అలాంటి ఎరుపు. చూస్తుండగానే నాలుగు మూలలా అలా తేలింది. మెర్సీ తొట్టె మీదికి వంగింది. తను చూసింది పసుపు. లోపలికి వెళ్ళింది పసుపు. పైకి వచ్చింది నెత్తురు.

జ్ఞానసుందరమ్మ ముందు తన చేతులు పైకి తీసి చూసుకుంది. అరచేతులు తిప్పి, వేళ్ళ సందులు వెతికింది.

"నా సెయ్యేటైనా తెగినాదేటే? సూడు, నాకు ఆనటం లేదు."

"నీ సెయ్యి కాదు మామ్మా. అది పసుపు. జగ్గమ్మ అమ్మమ్మ నిన్న నాలుగు మూలలా పెట్టినాది. నాను సూసినాను."

అంత పొడుగు మాట ఆ పిల్ల నోటి నుంచి ఒక్క ఊపున రావడం అదే మొదటిసారేమో.  జ్ఞానసుందరమ్మ తొట్టె పక్కన చతికిలబడి, మూల పట్టుకుని కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"సూసి మరి నోరు తెరవలేదేటే?"

 మామ్మ జవాబు కోసం ఆగలేదు. కూరమరకకు సబ్బు తగిలితే ఎర్రబడటం ఆమె ఎరుగనిది కాదు, కానీ ఇంత ఎరుపు ఎప్పుడూ చూడలేదు. కూరలో వేసే చిటికెడు వేరు, ముద్దగా అద్దింది వేరు. గుడ్డను మంచినీళ్ళలో జాడించింది. ఎరుపు కదలలేదు. ఇనపతుప్పు మరకకు రాసినట్టు నిమ్మచెక్క తెచ్చి మూల మీద రుద్దింది.

రుద్దిన చోట ఎరుపు పోయింది. నిమ్మరసం పాకినంత మేరా పసుపు మళ్ళీ తిరిగొచ్చింది. జగ్గమ్మ వేలు అద్దినప్పుడు ఎలా ఉందో అలాగే, ఏమీ జరగనట్టు. మెర్సీ నోరు తెరుచుకుని చూసింది. భయమంతా ఒక పక్కన ఉండగానే, ఇంకో పక్క ఒళ్ళు పులకరించింది. ఒకే గుడ్డ, ఒకే మరక. సోడానీళ్ళు తగిలితే నెత్తురవుతుంది, నిమ్మకాయ తగిలితే పసుపవుతుంది. ఆ రంగు లోపల ఎవరో కూర్చుని, వచ్చినవాళ్ళను చూసి ముఖం మార్చుకుంటున్నట్టుంది.

కానీ ఏ ముఖం పెట్టినా పోవడం మాత్రం లేదు. ఆ రోజంతా జ్ఞానసుందరమ్మ ఉతికింది. ఉతికి, జాడించి, ఆఖరున నిమ్మనీళ్ళలో ముంచి, పిండి, లోపలి వసారాలో నీడను ఆరేసింది. కొత్త ఖద్దరును నీడనే ఆరేయాలని, ఎండ తగిలితే నూలు పెళుసెక్కుతుందని ఆమెకు అత్తగారు నేర్పింది. ఆ అలవాటు ఎప్పుడూ తప్పలేదు. ఆరాక చూస్తే నాలుగు మూలలా నాలుగు పసుపు మచ్చలు, కొంచెం పలచబడి, అయినా ఎవరికైనా కనపడేలా.

సాయంత్రానికి ఆమె చేతులు నిజంగానే పగిలాయి. మెర్సీ కొబ్బరినూనె తెచ్చి రాసింది.

"రేపు టీచరమ్మ వస్తాది," అంది జ్ఞానసుందరమ్మ, ఎవరితోనో అన్నట్టు. "సూస్తాది. పట్టికెళ్ళిపోతాది. మరింక నాకియ్యరు." నూనె వేళ్ళ సందుల్లోకి పట్టించుకుంటూ మళ్ళీ అంది. "జగ్గికి మాత్రం సెప్పకు. సెప్తే మరి ఈ దడి దాటి రాదది."

మెర్సీకి అన్నం సయించలేదు. తప్పు తనది. వద్దని ఒక్కమాట అని ఉంటే ఇదంతా లేదు. ఇప్పుడైనా ఏదో ఒకటి చెయ్యాలి, అది నోటితో చేసేది కాకపోతే మరీ మంచిది. ఆ రోజు మధ్యాహ్నమే మామ్మ ఉతుకుతున్నంతసేపూ, ఒక పాత దిండుగలీబును పీలికలు చేసి, వంటింటి పసుపు అద్ది, ఒకటి వట్టి కుంకుడు రసంలో, ఒకటి సోడానీళ్ళలో, ఒకటి నిమ్మనీళ్ళలో, ఒకటి మజ్జిగలో ముంచి చూసింది. ఏదీ పనిచెయ్యలేదు. విసుగొచ్చి వాటినన్నిటినీ ఉండలా చుట్టి దడి మీద పడేసింది.

శనివారం పొద్దున్న పళ్ళు తోముకుంటూ పెరట్లోకి వెళ్ళిన మెర్సీకి ఆ పీలికలు కనపడ్డాయి. తీసి పొయ్యిలో వేద్దామని ఒకదాన్ని లాగింది. మజ్జిగలో ముంచిన పీలికో, నిమ్మనీళ్ళలో ముంచినదో తెలియలేదు. సగం తెల్లగా ఉంది. సగం పసుపుగా ఉంది. మధ్యలో స్కేలు పెట్టి గీసినట్టు గీత.

పందుంపుల్ల పక్కన పెట్టి, ఇంకో పీలిక తీసింది. అదీ అంతే. మూడోది మడతల మధ్య ఇరుక్కుని ఉంది, అది మొత్తం పసుపే. మెర్సీ దడి ముందు కూర్చుండిపోయింది. ఏ పీలికను ఎందులో ముంచిందో గుర్తు తెచ్చుకోవడానికి చూసింది. ఎందులో ముంచినా ఒకటే. దడికి పైనున్న భాగం తెల్లబడింది, దడి కర్రల మధ్య నీడలో ఉన్న భాగం అలాగే ఉంది. నిన్న మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఆ పైభాగానికి తగిలింది ఒక్కటే. తల పైకెత్తి చూసింది. కొబ్బరిచెట్ల మీదుగా పొద్దు అప్పుడే పైకి లేస్తోంది, కళ్ళు చికిలించకుండా చూడనివ్వడం లేదు.

సోడాకు లొంగలేదు, కుంకుడుకు లొంగలేదు, మామ్మ చేతులకు లొంగలేదు. అలాంటి పసుపును ఏ చప్పుడూ చెయ్యకుండా, తాకకుండా, రుద్దకుండా, అంతెత్తు నుంచి వచ్చి తీసుకుపోయింది ఎండ. మెర్సీకి చేతి మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. రోజూ బట్టలు ఆరేసే దడి ముందు ఇన్నేళ్ళూ ఏం చూస్తూ నిలబడ్డానా అనిపించింది.

పీలికలు పట్టుకుని లోపలికి పరుగెత్తి మామ్మ ఒళ్ళో పడేసింది. మామ్మ వాటిని గుమ్మం వెలుతురులోకి తీసుకెళ్ళి, అటూ ఇటూ తిప్పి, మడతలు విప్పి చూసింది. మెర్సీ చెప్పాల్సి వచ్చింది. తడబడుతూనే చెప్పింది, వెనకది ముందు, ముందుది వెనక, అయినా అంతా చెప్పింది.

జ్ఞానసుందరమ్మ గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

"మీ నాన్న సొక్కాల మీద కూరమరకలు," అంది చివరికి. "నాలుగు ఉతుకులకు పోయేవి. నా నీళ్ళ గొప్పేననుకున్నాను. ఉతికినాక దడి మీద ఆరేసేదాన్ని కదే."

ఆ మాటలో బాధ ఉందో, మరేముందో మెర్సీకి తెలియలేదు. అత్తగారి మాట తోసెయ్యడం అంత సులువు కాలేదు మామ్మకు. నూలు పెళుసెక్కి గుడ్డ చిరిగితే మచ్చ కంటే పెద్ద నష్టం. బల్లగుడ్డను ఒళ్ళో పెట్టుకుని దాని పోగులు తడుముతూ చాలాసేపు ఆలోచించింది. తర్వాత లేచి, నులకమంచాన్ని పెరటి మధ్యకు లాగమని మెర్సీతో చెప్పింది. మంచం మీద పాత దుప్పటి పరిచి, బల్లగుడ్డను నీళ్ళతో తడిపి, మధ్యభాగం మడతపెట్టి దాని మీద తువ్వాలు కప్పి, నాలుగు మూలల్ని మాత్రం ఎండకు పెట్టింది.

ఇద్దరూ చెరో పక్కా కూర్చున్నారు. మెర్సీ కళ్ళార్పకుండా చూసింది. అలా చూస్తుంటే ఏమీ జరగలేదు. మచ్చ మచ్చలాగే ఉంది. లోపలికి వెళ్ళి గంజి తాగి వచ్చి చూస్తే కొంచెం తగ్గినట్టుంది. మళ్ళీ చూస్తూ కూర్చుంటే ఏమీ లేదు. గడియారంలో చిన్నముల్లును చూస్తున్నట్టుంది. ఎవరూ చూడని క్షణంలోనే అది కదులుతోంది.

అప్పుడు దడి తలుపు తోసుకుని జగ్గమ్మ వచ్చింది. తెల్లగుడ్డ ఎండలో ఉండటం, మామ్మా మనవరాలూ దాన్ని కాపలా కాయడం చూసి నవ్వబోయి, దగ్గరికి వచ్చాక ఆగిపోయింది. మూలల్ని చూసింది. ఉతికిన పసుపు ఎలా ఉంటుందో ఆమెకు ఒకరు చెప్పాలా.

"నాను పెట్టిందే," అంది. "మీకు పనికిరాదేటి?"

జ్ఞానసుందరమ్మ తల ఎత్తలేదు. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు. గుళ్ళో పసుపు పెట్టరని, ఈ రోజు టీచరమ్మ వస్తుందని, గుడ్డ బాగోలేకపోతే సేవ లాండ్రీకి పోతుందని ముక్తసరిగా చెప్పింది. జగ్గమ్మ ముఖం వాడిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి ఒక్క అడుగు వేసింది.

"వట్టిగా ఉంచకూడదని పెట్టీసినాను వదినా. నీ సేతిలో గుడ్డ నీ సేతిలోనే ఉండాలని అనుకోని మరీ పెట్టినాను."

మెర్సీకి అప్పుడు తెలిసింది, ఆ మూసిన కళ్ళ వెనక ఏం కోరుకుందో.

"ఒసే జగ్గీ, ఎల్లిపోకు," అంది జ్ఞానసుందరమ్మ. "కూకో. నువ్వు మంచి సెయ్యాలనే సేసినావు, నాకు తెలీదేటి. ఈ గుంట ఏటి సూసినాదో నీకూ సూపిస్తాది."

మెర్సీ సోడానీళ్ళలో పసుపు ఎర్రబారిన సంగతి చెప్పి, పీలికలు చూపించింది. జగ్గమ్మ వాటిని తీసుకుని గీతకు ఇటు గోరు పెట్టి గీకింది, అటు గీకింది. తడిపి పిండింది. తెల్లది తెల్లగానే ఉంది. తన కొంగు తిప్పి మూల వెతికింది. ఆ చీరకూ కొన్న రోజున పసుపు పెట్టింది. ఇప్పుడు జాడ లేదు.

"పెట్టడమే గాని, ఎప్పుడు పోయినాదో ఎవులు సూసినారు? మా ఇంట్లో అన్నీ ఎండకే ఏస్తాం." పైన సూర్యుడి కేసి చూసి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "సూడు వదినా, సగం సాకిరీ ఆయన సేస్తే పేరు నీకొచ్చినాది."

జ్ఞానసుందరమ్మకు నవ్వొచ్చింది. పొద్దుటి నుంచి మొదటిసారి. ముగ్గురూ మంచం చుట్టూ కూర్చున్నారు. గుడ్డ ఆరినప్పుడల్లా జగ్గమ్మ చేత్తో నీళ్ళు చిలకరించింది. నీడ జరిగినప్పుడల్లా మెర్సీ మంచాన్ని జరిపింది. ఎండ నడినెత్తికి వచ్చి మాడ్చేస్తున్నా ఎవరూ లేవలేదు. పసుపు గంధంరంగుకు వచ్చింది. గంధంరంగు మీగడరంగుకు వచ్చింది. తర్వాత ఏది గుడ్డ, ఏది మచ్చ అని వేలు పెట్టి చెప్పడం కష్టమైంది. జగ్గమ్మ ఇక్కడే అంది, జ్ఞానసుందరమ్మ అక్కడ కాదు ఇక్కడ అంది. మెర్సీ వంగి చూసింది. రెండు చోట్లా ఏమీ లేదు.

మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక అరుణశ్రీ టీచరు గొడుగు వేసుకుని వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని, గుడ్డను రెండు చేతులా ఎత్తి ఆకాశం కేసి పట్టుకుంది. పోగులు చూసింది. అంచులు చూసింది.  టీచరు గుడ్డను దించి, చాలా బాగా వచ్చిందని, ఏం వేసి ఉతికారని అడిగింది.

ఏదో ఒకటి చెప్పి ఊరుకోవచ్చు. మచ్చ లేదు. ఉన్నట్టు ఎవరికీ తెలియదు. జగ్గమ్మ దడి వైపు రెండడుగులు వేసి, ఎటు వెళ్ళాలో తెలియనట్టు నిలబడింది.

"కుంకుడు నీళ్ళు, సోడా," అంది జ్ఞానసుందరమ్మ. "దీని మీద పసుపు పడినాదమ్మా. మా జగ్గి కొత్తగుడ్డ కదాని మంచికే పెట్టినాది. నా నీళ్ళకు పోలేదు. ఎండకు పోయినాది. దాన్ని ప్రభువు బల్ల మీద ఎయ్యొచ్చో ఎయ్యకూడదో మీరే సెప్పండి. దాచిపెట్టి నాను పరవలేను."

అరుణశ్రీ టీచరు ముందు జగ్గమ్మను చూసింది, తర్వాత గుడ్డను చూసింది. పసుపు ఎక్కడ పెట్టారని అడిగింది. మూలల్లోనని చెబితే, నాలుగు మూలలూ ఒకదాని తర్వాత ఒకటి మళ్ళీ వెతికింది. ఏమీ దొరకలేదు. నమ్మలేనట్టు తల అడ్డంగా ఊపింది. గుడ్డను జాగ్రత్తగా మడతపెట్టి, తనతో తీసుకెళ్ళకుండా జ్ఞానసుందరమ్మ చేతుల్లోనే పెట్టింది.

"రేపు మీరే పరవండి, అమ్మగారూ. వచ్చే నెల కూడా మీరే. సమాజంలో నేను చెబుతాను." గొడుగు విప్పుతూ జగ్గమ్మ వైపు తిరిగింది. "మీరూ రండి రేపు. చూద్దురుగాని."

టీచరు గొడుగు దడి దాటింది. జ్ఞానసుందరమ్మ గుడ్డను ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఆమె పెదవులు కదలడం మెర్సీ చూసింది. జగ్గమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, ముక్కు చీది, మామూలు మనిషి అయింది.

"ఎర్రబారినాదన్నారు గదా, అది నాను సూడనేలేదు," అంది. "నిన్న మీరే సూసేసినారు. ఏదే గుంటా, ఇంకోసారి సెయ్యి, సూస్తాను."

మామ్మ వద్దనలేదు. గుడ్డను లోపల పెట్టెలో భద్రపరిచి వచ్చి, తనే ఒక సత్తుబేసినులో సోడానీళ్ళు కలిపి తెచ్చింది. మెర్సీ మిగిలిన దిండుగలీబు ముక్కకు పసుపు అద్దింది. ఈసారి ఎవరి గుండే దడదడలాడటం లేదు. పోయేదేమీ లేదు. ముగ్గురూ బేసిను చుట్టూ గొంతుక్కూర్చున్నారు, తలలు తగిలేంత దగ్గరగా.

"నెమ్మదిగా ముంచవే," అంది జ్ఞానసుందరమ్మ. "నిన్న నాకు భయమేసి సరిగ్గా సూడనేలేదు."

మెర్సీ ముక్క కొసను రెండు వేళ్ళతో పట్టుకుని, నీళ్ళకు తాకీ తాకనట్టు దించింది.